తుప్పు పట్టిన పాత జీపును ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా

పాత జీపు కొన్నవాళ్లు చాలామంది మొదట చేసే పని బండి కడిగి, రంగు డబ్బా తెచ్చుకోవడం. నేనూ అదే చేశాను. ఆరు నెలలు తిరిగేసరికి వెనక చక్రం పైన రంగు పొక్కులు లేచింది. గోటితో గీకితే పొక్కుతో పాటు రేకు కూడా ఊడి చేతిలోకి వచ్చింది. లోపలివైపు చూస్తే, చక్రం చిమ్మిన బురద ఏళ్ల తరబడి తడుస్తూ ఎండుతూ గట్టి ముద్దలా అతుక్కుపోయి ఉంది. నేను రంగు వేసింది బయట, నీళ్లు ఆగింది లోపల. అందుకే ఇక్కడ చెప్పే వరసలో నీళ్లు ఆగే చోట్లు వెతకడం ముందు వస్తుంది, రంగు చివర్లో వస్తుంది.

విల్లీస్ జీపు కావచ్చు, సిరీస్ అని పిలిచే మొదటి తరాల ల్యాండ్ రోవర్ కావచ్చు, టయోటా ఎఫ్‌జే40 కావచ్చు, పని వరస ఒకటే. తుప్పు దాక్కునే మూలలు మాత్రం బండిని బట్టి మారతాయి.

ముందు బండిని తట్టి చూడండి

ఒక చిన్న సుత్తి, పాత స్క్రూడ్రైవర్, టార్చ్ లైటు పట్టుకుని బండి కిందకు దూరండి. బండిని మోసే ఇనప చట్రమైన ఛాసిస్ పొడవునా అరచెయ్యి దూరానికి ఒకసారి సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఠంగుమని మోగుతుంది. తుప్పు తినేసిన చోట మొద్దుగా డబ్‌మంటుంది. అలా మోగిన ప్రతిచోటా స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మొన లోపలికి దిగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. రేకు చిల్లు పడుతుందేమోనని మొహమాట పడొద్దు. మీరు పొడిస్తే చిల్లు పడిన చోట నిజానికి ఎప్పుడో చిల్లు పడిపోయింది.

ముఖ్యంగా చూడాల్సినవి: కమాను పట్టీలు (చక్రాల కుదుపును మింగే స్ప్రింగు పట్టీలు) ఛాసిస్‌కు బిగించే బ్రాకెట్లు, బాడీ ఛాసిస్ మీద కూర్చునే చోట్లు, వెనక చివరి అడ్డకమ్మి, పెట్టెలా మూసి ఉన్న కమ్మీల అడుగుభాగం. పాత విల్లీస్ జీపుల్లో ఇంకో తిరకాసు ఉంది. నేల రేకు కింద టోపీ ఆకారంలో వంచిన ఇనప పట్టీలు ఉంటాయి. వాటి లోపల కంపెనీవాళ్లే చెక్క ముక్కలు పెట్టారు. ఆ చెక్క నీళ్లు పీల్చుకుని ఏళ్ల తరబడి ఇనుముకు తడి అందిస్తూనే ఉంటుంది. మొదటిసారి ఒక పట్టీ విప్పినప్పుడు అందులోంచి కాఫీ పొడి రంగులో, తడి తడిగా, చెక్కో తుప్పో తేల్చుకోలేని పొడి గుప్పెడు రాలింది. పైనుంచి చూస్తే మాత్రం నేల రేకు భేషుగ్గా ఉంది.

ల్యాండ్ రోవర్ కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఉక్కు కొరత ఉండటంతో, 1948లో వచ్చిన మొదటి ల్యాండ్ రోవర్‌కు బాడీ రేకులు చాలావరకు అల్యూమినియం మిశ్రమంతో చేశారు. అది చూసి 'ఈ బండికి తుప్పు పట్టదు' అనుకుంటారు. కానీ ఛాసిస్, డ్యాష్‌బోర్డు వెనకుండే అడ్డగోడ ఉక్కే. పైగా ఉక్కు, అల్యూమినియం తాకే చోట తడి చేరితే అల్యూమినియం కూడా తెల్లటి పొడిగా రాలిపోతుంది. ఆ రెండూ కలిసే ప్రతి అంచునూ విప్పి చూడాల్సిందే. ఎఫ్‌జే40లో వెనక చక్రాల చుట్టూ ఉన్న రేకు, తలుపుల కింది అంచు, వెనక చివర ముందుగా పోతాయి.

ఛాసిస్ వంకరపోయిందో లేదో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ముందు ఎడమవైపు కమాను బోల్టు నుంచి వెనక కుడివైపు బోల్టు దాకా టేపు పెట్టి కొలవండి. తర్వాత రెండో మూల నుంచి కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 5 మిల్లీమీటర్లు దాటితే నేనైతే ఇంట్లో ముట్టుకోను, ఛాసిస్ సరిచేసే జిగ్ ఉన్న షెడ్డుకు పంపుతాను.

ఒక జాగ్రత్త: ఛాసిస్ మీద కొట్టిన నంబరు ఎక్కడుందో వెతికి, వైర్ బ్రష్‌తో మెల్లగా తుడిచి, ఫొటో తీసి, కాగితాల్లో ఉన్న నంబరుతో సరిచూసుకోండి. ఆ చోట గ్రైండర్ పెట్టకండి. నంబరు చెరిగిపోతే ఎంత బాగుచేసినా బండి మీదేనని నిరూపించుకోవడానికి తిప్పలు పడాలి.

విప్పడం

బండిని జాకీ మీద వదిలేసి కిందకు దూరకండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి యాక్సిల్ స్టాండ్లు వేయాలి. ఇటుకలు అస్సలు వద్దు, బరువుకు ఉన్నట్టుండి పగులుతాయి.

విప్పే ప్రతి భాగానికీ ముందు ఒక ఫొటో తీయండి. బోల్టుల్ని ఒక్కో చోటువి ఒక్కో సంచిలో వేసి, కాగితం మీద రాసి లోపల పెట్టండి. రాసేటప్పుడు 'ముందు, కుడి, లోపలి బోల్టులు 4, వాషర్లు 8' అన్నంత వివరంగా రాయాలి. మూడు వారాల్లో అయిపోతుందనుకున్న పని ఏడాది పడుతుంది. అప్పటికి మీకేమీ గుర్తుండదు.

ఇక తుప్పు పట్టిన బోల్టులు. సగం ఓపిక ఇక్కడే ఖర్చవుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేయండి. మరల్లో మట్టి ఉండగా పానా తిప్పితే ఆ మట్టే అడ్డం పడి బోల్టు విరుగుతుంది. తర్వాత తుప్పులోకి ఇంకే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె, అసిటోన్ సమపాళ్లలో కలిపినా బాగా పనిచేస్తుంది. అది మంటకు దగ్గర్లో ఉండకూడదు, వాడే ముందు ప్రతిసారీ సీసా కుదపాలి. మర్నాడు బోల్టు తల మీద సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. ఆ అదురుకు తుప్పు పగిలి నూనె లోపలికి దిగుతుంది.

అప్పుడు ఆరు మూలల సాకెట్టు పెట్టండి. పన్నెండు మూలలది పెడితే అరిగిన బోల్టు తల గుండ్రంగా అయిపోతుంది. ముందు విప్పే దిశలో కాకుండా బిగించే దిశలో కొంచెం ఒత్తండి. కిర్రుమని కదిలిందంటే సగం గెలిచినట్టే. పావు తిప్పు విప్పి, కొంచెం వెనక్కి బిగించి, నూనె వేసి, మళ్లీ పావు తిప్పు విప్పండి. కిర్రు శబ్దం వస్తున్నంతసేపూ భయం లేదు. శబ్దం ఆగిపోయి బోల్టు బంకలా సాగుతున్నట్టు చేతికి తెలిసిందంటే ఆపేయండి, ఇంకో అర తిప్పుకు అది విరుగుతుంది. అక్కడ వేడి పెట్టాలి. గ్యాస్ టార్చ్‌తో బోల్టును వదిలి, దాని చుట్టూ ఉన్న నట్టును వేడి చేయండి. నట్టు వ్యాకోచించి పట్టు వదులుతుంది. పెట్రోల్ గొట్టాలు, ట్యాంకు, రబ్బరు, నూనె తడి దగ్గర్లో ఉంటే టార్చ్ వెలిగించొద్దు. అసిటోన్ కలిపిన నూనె వేసిన బోల్టునైతే ముందు పూర్తిగా తుడిచి ఆరనివ్వాలి.

పాత విల్లీస్ జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది, అంటే అవి ఎదురు దిశలో విప్పుకోవాలి. ఇది తెలియక పొడవాటి పైపు తగిలించి ఎక్కి తొక్కినవాళ్లు ఉన్నారు. నట్టు విడిపోదు, స్టడ్డే తెగుతుంది.

బ్రేక్ డ్రమ్ము విప్పేటప్పుడు లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకండి. పాత బ్రేక్ షూలలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకు తెస్తుంది. మాస్కు పెట్టుకుని, నీళ్లు చిలకరించి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో మూసి పారేయండి. పాత రంగులో సీసం ఉండొచ్చు. దాన్ని కూడా పొడిగా గీకొద్దు, తడిపి గీకండి. పిల్లలు ఆడుకునే చోటుకు దూరంగా చేయండి.

తుప్పు వదిలించడం

తుప్పు ఉన్న ఇనుము మీద ఏ రంగూ నిలవదు. తుప్పు కింద తడి, గాలి ఉన్నంతకాలం అది పెరుగుతూనే ఉంటుంది. పైగా ఇనుము కంటే తుప్పుకు ఎక్కువ చోటు కావాలి, అందుకే రంగును పైకి తన్నుతుంది. పొక్కులు వచ్చేది అలాగే.

ఛాసిస్ లాంటి పెద్ద భాగాలకు గ్రైండర్‌కు వైర్ కప్పు తగిలించి రుద్దడమే దారి, లేదంటే ఇసుక బ్లాస్టింగ్‌కు బయటికి పంపాలి. కళ్లద్దాలు, మొహం మీద షీల్డు రెండూ ఉండాలి. వైర్ కప్పు నుంచి తీగముక్కలు సూదుల్లా ఎగురుతాయి, చొక్కాలోంచి దిగిన ముక్కల్ని నేనే పట్టకారుతో పీక్కున్నాను. పలచటి బాడీ రేకులను బ్లాస్టింగ్‌కు ఇస్తే, చేసేవాళ్లకు అలవాటు లేకపోతే, వేడికి, దెబ్బకు అలల్లా వంగిపోతాయి.

బ్రాకెట్లు, గొళ్లేలు, మడతబందుల్లాంటి చిన్న భాగాలకు నాకు ఇష్టమైన పద్ధతి కరెంటు తొట్టి. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, 4 లీటర్లకు ఒక పెద్ద చెంచా చొప్పున బట్టల సోడా కలపండి. తుప్పు పట్టిన భాగాన్ని తీగతో వేలాడదీసి, 12 ఓల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ క్లిప్పు దానికి పెట్టండి. పాజిటివ్ క్లిప్పు ఒక పనికిరాని మామూలు ఇనప ముక్కకు పెట్టి, రెండూ తాకకుండా ఎదురెదురుగా ఉంచండి. క్లిప్పులు తారుమారైతే మీ భాగాన్నే తొట్టి తినేస్తుంది. స్విచ్చి వేయగానే భాగం చుట్టూ సన్నటి బుడగలు లేస్తాయి. కొన్ని గంటలకు నీళ్లు గోధుమరంగు నురగ కడతాయి, మర్నాటికి తుప్పు నల్లటి మెత్తటి పొరగా మారి బ్రష్‌తో ఊడి వస్తుంది. ఇనుముకు నష్టం ఉండదు. ఆ ఇనప ముక్కకు ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రపడుతుంది కాబట్టి మధ్యలో ఒకసారి తిప్పాలి.

ఇందులో మూడు పనులు చేయకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు, నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది. అల్యూమినియం భాగాలు వేయకూడదు, సోడా వాటిని తినేస్తుంది. మూసిన గదిలో పెట్టకూడదు, ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది, నిప్పురవ్వ చాలు. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు స్విచ్చి తీసేయండి.

ఇంకా చిన్న నట్లు, బోల్టులైతే వెనిగర్‌లో ఒక రోజు నానబెట్టి, సోడా నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టినా సరిపోతుంది. కమాను పట్టీల్లాంటి గట్టి ఉక్కు భాగాలను మాత్రం యాసిడ్‌లో గానీ కరెంటు తొట్టిలో గానీ వేయకండి. హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసుబారతాయి.

బ్రష్ అందని సందుల్లో తుప్పు కన్వర్టర్ వాడొచ్చు. ఫాస్ఫారిక్ యాసిడ్ గానీ టానిక్ యాసిడ్ గానీ ఉండే ఈ మందు మిగిలిన పలచటి తుప్పును గట్టి నల్లటి పొరగా మారుస్తుంది. అది పనిచేయాలంటే కాస్త తుప్పు ఉండాలి. మెరిసే ఇనుము మీద పూస్తే ఉపయోగం లేదు. పొరలు పొరలుగా లేచిన తుప్పు మీద పూస్తే పై పొర నల్లబడి, కింద కథ మామూలే.

శుభ్రం చేసిన ఇనుముకు ఆ రోజే ప్రైమర్, అంటే రంగు కింద వేసే మొదటి పూత, కొట్టండి. గాలిలో తేమ ఉంటే గంటల్లోనే నారింజ రంగు పొడి మళ్లీ మొదలవుతుంది. అందుకే ఒక్కరోజులో ఎంత పూర్తి చేయగలరో అంతే గీకండి.

కోసి అతకడం

చిల్లు పడిన రేకు మీద పుట్టీ పెట్టి నున్నగా చేయడం మోసమే, ఎవరిని అంటే మిమ్మల్ని మీరే. తుప్పు తిన్న భాగాన్ని మెరిసే ఇనుము కనిపించేదాకా కోసి తీసేయాలి. కోయబోయే ముందు తలుపు సందుల్లో అడ్డంగా ఇనప కడ్డీలు తాత్కాలికంగా బిగించండి. నేల రేకు కోశాక బాడీ కొంచెం తెరుచుకుపోతుంది, తర్వాత తలుపు పడదు.

అట్టముక్కతో కొలత తీసి, పాత రేకు ఎంత మందమో అంతే మందం రేకును కోయండి. ఇంట్లో చేసేవాళ్లకు తీగ దానంతటదే అందే మిగ్ వెల్డింగ్ సులువు. పలచటి రేకుకు 0.6 మిల్లీమీటర్ల తీగ బాగుంటుంది. ఒకే గీతగా వెల్డింగ్ లాగితే రేకు అప్పడంలా మెలికపడుతుంది. ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క దూరంగా అవతలి అంచున, మళ్లీ ఇటు. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మధ్య ఖాళీలు నింపండి. ఆత్రపడితే రేకు పాడవుతుంది.

బ్యాటరీ తీగలు విప్పండి. పెట్రోల్ ట్యాంకును బండి నుంచే తీసి బయట దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకుకు చిల్లు పడిందని దానికి వెల్డింగ్ పెట్టే ఆలోచన మానుకోండి, లోపల మిగిలిన ఆవిరి బాంబులా పేలుతుంది. జింకు పూత ఉన్న రేకైతే పూత గీకేయండి, దాని పొగకు జ్వరం వస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన చోట వెల్డింగ్ చేస్తే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. పని అయ్యాక అరగంట అక్కడే ఉండండి. పాత తివాచీ, వైరింగ్ లోలోపల రాజుకుని అప్పుడు మంట లేస్తుంది.

కమాను బ్రాకెట్లు, స్టీరింగ్ బాక్సు బిగించే చోటు, ఈ రెండిటి వెల్డింగ్ మాత్రం చేయి తిరిగినవాళ్లకు అప్పగించండి. అక్కడ అతుకు విడిపోతే బండి దారి తప్పుతుంది.

ఇంజిను

ఏళ్లుగా ఆగిపోయిన ఇంజినుకు నేరుగా స్టార్టర్ కొట్టకండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల నూనె వేసి, రెండు మూడు రోజులు వదలండి. తర్వాత హ్యాండిల్ వేసి చేత్తో తిప్పండి. కదలకపోతే బలం చూపించకుండా అటూ ఇటూ మెల్లగా ఊపుతూ, మళ్లీ నూనె వేస్తూ ఓపిక పట్టండి. నా బండి తొమ్మిదో రోజున వేలెడంత కదిలింది. ఆ రోజు భోజనం కూడా గుర్తు రాలేదు.

స్వేచ్ఛగా తిరిగాక పాత నూనె వంపేసి, అడుగు పాన్ విప్పి, గసి తీసేసి, కొత్త నూనె పోయండి. అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూడండి. అంకె ఎంతన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. ఒకటి మిగతావాటి కంటే బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా నూనె వేసి మళ్లీ కొలవండి. పెరిగితే పిస్టన్ రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులు పట్టడం లేదు. పాత ట్యాంకులోని పెట్రోలు వాడకండి. మొదటిసారి వేరే డబ్బా నుంచి కొత్త పెట్రోలు ఇచ్చి నడపండి.

గేర్‌బాక్స్ నూనె విషయంలో చాలామంది పొరపాటు పడతారు. 'జీఎల్-5 రకం గేర్ నూనె కొత్తది కాబట్టి మంచిది' అని పోస్తారు. అందులోని గంధకం మందులు కొన్ని పాత గేర్‌బాక్సుల్లోని ఇత్తడి రింగులను తింటాయి. గేర్‌బాక్సుకు మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే.

బ్రేకుల్లో రాజీ లేదు

మిగతా పనుల్లో ఎక్కడైనా 'ప్రస్తుతానికి నడుస్తుంది' అనుకోవచ్చు. ఇక్కడ వద్దు. పాత జీపుల్లో నాలుగు చక్రాలకూ కలిపి ఒకే బ్రేక్ లైను ఉంటుంది. ఎక్కడ ఒక్క చుక్క కారినా నాలుగూ పోతాయి. అందుకే ఇనప గొట్టాలు, రబ్బరు గొట్టాలు, చక్రాల సిలిండర్లు, మాస్టర్ సిలిండర్ అన్నీ కొత్తవి వేయండి. గొట్టాలకు రాగి-నికెల్ మిశ్రమం మంచిది, తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది. మామూలు ఇంజిన్ నూనె చుక్క కూడా బ్రేక్ వ్యవస్థలోకి పోనివ్వకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ద్రవాలు గాలిలో తేమ పీలుస్తాయి కాబట్టి సీలు తీసిన పాత డబ్బా వాడొద్దు. సిలికాన్‌తో చేసే డాట్ 5 వేరే జాతి, వాటితో కలపకూడదు. బ్రేక్ గొట్టాల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి.

వైరింగ్ గురించి ఒక్క మాట. ఎలుకలు కొరికిన పాత వైరింగ్‌కు టేపు చుట్టుకుంటూ పోవడం కంటే మొత్తం కొత్తది వేయడమే తక్కువ తలనొప్పి. బ్యాటరీ పెట్టే ముందు ఏ తీగ బాడీకి కలిసి ఉందో చూడండి. 1967 ప్రాంతం దాకా వచ్చిన ల్యాండ్ రోవర్లలో పాజిటివ్ తీగ బాడీకి ఉండేది, పాత విల్లీస్‌లలో 6 ఓల్టుల బ్యాటరీ ఉండేది.

ఇప్పుడు రంగు

80 నంబరు గరుకు కాగితంతో రుద్దిన ఇనుము మీద ఎపాక్సీ ప్రైమర్ వేయండి. పుట్టీ అవసరమైతే దాని మీదే పెట్టాలి, ఉత్త ఇనుము మీద పెడితే పుట్టీ తేమ పీల్చి కింద తుప్పు మొదలవుతుంది. రేకులు ఒకదాని మీద ఒకటి వచ్చే అంచులకు సీలెంట్ పూయండి. వాన పడే రోజు, మంచు కురిసే పొద్దున రంగు వేయొద్దు.

రెండు డబ్బాలు కలిపి కొట్టే రంగుల్లో చాలావాటిలో ఐసోసైనేట్ అనే విష రసాయనం ఉంటుంది. దానికి మామూలు మాస్కు చాలదు, బయటి గాలి అందే మాస్కు కావాలి. అది లేనివాళ్లు ఒకే డబ్బా ఎనామిల్‌ను రోలర్‌తో వేసుకోవడం మేలు. పని బండికి అద్దంలాంటి మెరుపు ఎందుకు? గీత పడితే అదే డబ్బాతో మళ్లీ పూసుకోవచ్చు.

అన్నిటికంటే విలువైన పూత ఎవరికీ కనిపించనిది. ఛాసిస్ పెట్టె కమ్మీల లోపలికి పొడవాటి సన్నటి గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ అనే మైనం కొట్టండి. కమ్మీకి ఉన్న ప్రతి రంధ్రం నుంచీ, సందుల్లోంచి మైనం చెమటలా కారేదాకా కొట్టాలి.

బిగించేటప్పుడు కమాను పట్టీల యూ బోల్టులు కొత్తవి వేయండి, పాతవి ఒకసారి సాగాక మళ్లీ పట్టు ఉండదు. రబ్బరు బుష్షులు ఉన్న కమాన్లైతే చివరి బిగింపు బండిని చక్రాల మీద దించాకే. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది.

మొదటిసారి నడిపేటప్పుడు ఖాళీ చోట, నడక వేగంతో, బ్రేకులు నాలుగైదుసార్లు తొక్కి చూసుకున్నాకే ముందుకు వెళ్లండి. గట్టి పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ వేయకండి. ఈ పాత బండ్లలో ముందు, వెనక యాక్సిల్స్‌ను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు, మలుపులో గేర్లు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. మొదటి కొన్ని ప్రయాణాల తర్వాత యూ బోల్టులు, చక్రాల నట్లు మళ్లీ బిగించి, బ్రేక్ గొట్టాల కీళ్ల దగ్గర తడి ఉందేమో వేలితో తడిమి చూడండి.

తర్వాత ఒక మగ్గు నీళ్లు తీసుకుని బండి నేల రేకు మీద పోయండి. కిందకు వంగి, ఏయే రంధ్రాల్లోంచి నీళ్లు కారుతున్నాయో లెక్కపెట్టండి. ఒక రంధ్రం నుంచి చుక్క రాకపోతే అక్కడ రంగో, సీలెంటో అడ్డం పడి ఉంటుంది. పాత స్క్రూడ్రైవర్ తెచ్చి దాన్ని పొడవండి.